నేర పరిశోధనశాలల్లో కొత్త తరం డీఎన్ఏ సీక్వెన్సింగ్

నేరస్థలంలోనో ప్రమాదస్థలంలోనో దొరికిన రక్తం, వీర్యం, లాలాజలం, వెంట్రుక, పన్ను, ఎముక వంటి వాటి నుంచి డీఎన్ఏ తీసి, అందులోని క్షారాల (ఏ, టీ, జీ, సీ) వరుసను నేరుగా చదివి మనిషిని గుర్తుపట్టే విధానాన్ని ఫోరెన్సిక్ డీఎన్ఏ సీక్వెన్సింగ్ అంటారు. ఒకే దఫాలో లక్షల కొద్దీ డీఎన్ఏ ముక్కలను చదవగల యంత్రాలు 2005 నుంచి పరిశోధన రంగంలో ఉన్నాయి. నేర పరిశోధనశాలల గడప తొక్కడానికి వాటికి మరో పదేళ్లు పట్టింది. ఇప్పటికీ ప్రపంచంలోని చాలా ఫోరెన్సిక్ ల్యాబుల్లో రోజువారీ కేసుల పని పాత పద్ధతిలోనే నడుస్తోంది. యంత్రం ధర అందుకు ఒక కారణం మాత్రమే. పరిశోధన పత్రంలో అచ్చయ్యే ఫలితం వేరు, కోర్టులో డిఫెన్స్ లాయరు ప్రశ్నలకు నిలబడే ఫలితం వేరు. ఆ రెండింటి మధ్య దూరం దాటడమే ఈ రంగంలో అసలు కష్టం.

పొడవు కొలిచే పద్ధతి

ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ 1984 సెప్టెంబరు 10న తొలి డీఎన్ఏ వేలిముద్రను చూశాడు. రెండేళ్లకు జంట హత్యల కేసొకటి పోలీసులు ఆయన దగ్గరికి తెచ్చారు. ఆ కేసులో ఈ పరీక్ష చేసిన మొదటి పని, నేరం ఒప్పుకున్న పదిహేడేళ్ల కుర్రాడు నిర్దోషి అని తేల్చడం. అసలు హంతకుడికి 1988లో శిక్ష పడింది. నిర్దోషిని విడిపించడం కూడా ఈ శాస్త్రం పనేనని మొదటి కేసులోనే రుజువైంది.

మన దేశంలో ఈ పని హైదరాబాదులో మొదలైంది. అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం, కట్లపాము జాతికి చెందిన ఒక పాము డీఎన్ఏ ఆధారంగా తయారుచేసిన బీకేఎం ప్రోబ్‌తో సొంత విధానాన్ని రూపొందించింది. కేరళలోని తలశ్శేరిలో నడిచిన పితృత్వ వివాదంతో డీఎన్ఏ సాక్ష్యం భారతీయ కోర్టు మెట్లెక్కింది. రాజీవ్ గాంధీ హత్య కేసు దర్యాప్తులోనూ సీసీఎంబీ పరీక్షలు ఉపయోగపడ్డాయి. 1996లో ఈ రంగానికే ప్రత్యేకంగా సీడీఎఫ్‌డీ సంస్థ హైదరాబాదులోనే ఏర్పడింది.

తొలి పద్ధతులకు ఎక్కువ రక్తం కావాల్సి వచ్చేది. పీసీఆర్‌తో నకళ్లు తీయడం అలవాటయ్యాక 1990లలో ఎస్‌టీఆర్ విధానం వచ్చింది. మన డీఎన్ఏలో కొన్నిచోట్ల, ఎక్కువగా నాలుగు క్షారాలుండే చిన్న తునక వెంటవెంటనే తిరిగి వస్తుంటుంది. ఒకరిలో అది పదకొండుసార్లు వస్తే మరొకరిలో పద్నాలుగుసార్లు రావచ్చు. ఆ భాగానికి నకళ్లు తీసి, సన్నని గొట్టంలో విద్యుత్తుతో నడిపి పొడవు కొలుస్తారు. తల్లి నుంచి వచ్చినదానికి ఒక అంకె, తండ్రి నుంచి వచ్చినదానికి ఒక అంకె వస్తాయి. అమెరికా జాతీయ డీఎన్ఏ భాండాగారం ఇలాంటి 13 చోట్లతో మొదలై 2017 జనవరి 1 నుంచి 20 చోట్లకు పెరిగింది. ఒక నానోగ్రాము డీఎన్ఏ, అంటే సుమారు 150 కణాల్లో ఉండేంత, ఈ పరీక్షకు హాయిగా సరిపోతుంది.

కొత్త యంత్రం వచ్చిందని ఈ పద్ధతిని తీసిపారేయనక్కర్లేదు. 2025 జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలి 260 మంది మరణించినప్పుడు, కాలిపోయిన దేహాల్లో అత్యధిక భాగాన్ని డీఎన్ఏ పోలికతోనే గుర్తించి, వారాల వ్యవధిలో కుటుంబాలకు అప్పగించారు. దేహం తాజాది అయి, రక్తం ఇవ్వడానికి తల్లిదండ్రులో పిల్లలో ఉన్నప్పుడు ఎస్‌టీఆర్‌ను మించిన వేగమైన, చౌకైన పరీక్ష లేదు. చిక్కల్లా అది విఫలమయ్యే చోట్లే ఉంది. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న ఎముక, ముగ్గురు నలుగురి కణాలు కలిసిపోయిన గుడ్డముక్క, ఏ భాండాగారంలోనూ పోలిక దొరకని అనామకుడి మరక అలాంటివి.

వరుస చదివితే తెలిసేది

క్షారాల వరుసను చదవడం ఫోరెన్సిక్ రంగానికి పూర్తిగా కొత్త కాదు. ఫ్రెడరిక్ సాంగర్ 1977లో ఇచ్చిన పద్ధతితో తల్లి వైపు నుంచే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏను చాలాకాలంగా చదువుతున్నారు. యెకాతెరిన్‌బుర్గ్ దగ్గర 1991లో వెలికితీసిన ఎముకలు రష్యా చివరి చక్రవర్తి కుటుంబానివని తేలింది ఇలాగే. అయితే సాంగర్ పద్ధతి ఒక విడతలో ఒక ముక్కనే చదువుతుంది. మైటోకాండ్రియా డీఎన్ఏలో మొత్తం 16,569 క్షారాలుంటే, ల్యాబులు చాలాకాలం ఆరేడు వందల క్షారాల నియంత్రణ భాగంతోనే సరిపెట్టుకున్నాయి.

కొత్త తరం యంత్రంలో డీఎన్ఏ ముక్కలకు ముందుగా రెండు చివర్లా కృత్రిమ తోకలు అతికిస్తారు. ఏ ముక్క ఏ నమూనాదో తెలిపే గుర్తు ఆ తోకలోనే ఉంటుంది. అలా తయారైన ముక్కల సముదాయాన్ని లైబ్రరీ అంటారు. గాజు పలక మీద ప్రతి ముక్కా ఉన్నచోటే నకళ్లుగా గుంపు కడుతుంది. రంగుతో వెలిగే క్షారాలను ఒక్కొక్కటిగా చేరుస్తూ, చేర్చిన ప్రతిసారీ కెమెరా ఫొటో తీస్తుంది. వెలిగిన రంగును బట్టి క్షారమేదో కంప్యూటరు రాసుకుంటుంది. ఇల్యూమినా సంస్థ యంత్రాలు నడిచే తీరు ఇది. అయాన్ టోరెంట్ యంత్రాలు రంగుకు బదులు క్షారం చేరినప్పుడు విడుదలయ్యే హైడ్రోజన్ అయాన్లను పసిగడతాయి.

పొడవు చెప్పలేని తేడాను వరుస ఎలా చెబుతుందో డీ12ఎస్391 అనే చోటు చక్కగా చూపిస్తుంది. అక్కడ ఏజీఏటీ అనే తునక కొన్నిసార్లు, దాని వెంటనే ఏజీఏసీ అనే తునక కొన్నిసార్లు వస్తాయి. ఒకరిలో మొదటిది 11, రెండోది 9 సార్లు, మరొకరిలో మొదటిది 12, రెండోది 8 సార్లు ఉన్నాయనుకుందాం. పాత పద్ధతి ఇద్దరికీ 20 అనే రాస్తుంది. ఒకే పొడవున్న రెండు పూసల దండల్లో పూసల రంగులు వేరైనట్టు, వరుస చదివితే వారు వేర్వేరు మనుషులని తేలిపోతుంది. అమెరికాలోని ప్రమాణాల సంస్థ నిస్ట్ 1,036 మంది నమూనాల్లో 27 చోట్ల వరుసలు చదివి 2018లో ప్రకటించింది. అన్నిచోట్లా ఈ లాభం ఒకేలా లేదు. డీ12ఎస్391, డీ21ఎస్11, డీ2ఎస్1338 వంటి చోట్ల కొత్త రకాలు కుప్పలుగా బయటపడ్డాయి. కొన్నిచోట్ల వరుస చదివినా అదనంగా తెలిసేది దాదాపు శూన్యం.

రెండో లాభం, ఒకే పరీక్షలో ఎన్నో రకాల గుర్తులు చదవడం. 2015లో వచ్చిన మైసెక్ ఎఫ్‌జీఎక్స్ యంత్రానికి తయారుచేసిన ఫోరెన్‌సెక్ కిట్ ఒకే దఫాలో 27 సాధారణ ఎస్‌టీఆర్‌లు, 24 వై క్రోమోజోము ఎస్‌టీఆర్‌లు, 7 ఎక్స్ క్రోమోజోము ఎస్‌టీఆర్‌లు, 94 స్నిప్‌లు చదువుతుంది. స్నిప్ అంటే ఒకే ఒక్క క్షారం మనిషికీ మనిషికీ మారే చోటు. ఎస్‌టీఆర్ చదవడానికి కొన్నిసార్లు నాలుగు వందల క్షారాల పొడవు ముక్క చెక్కుచెదరకుండా దొరకాలి. స్నిప్‌కు వంద క్షారాల ముక్క కూడా చాలు. డీఎన్ఏ పొడిపొడిగా విరిగిపోయిన ఎముకల దగ్గర ఈ తేడాయే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

కొరియా యుద్ధపు ఎముకలు

ఈ సాంకేతికత విలువ ఎక్కడ తిరుగులేకుండా రుజువైందని అడిగితే చూపించాల్సింది హంతకుల కేసులను కాదు, పేరు తెలియని సైనికుల సమాధులను. 1950-53 కొరియా యుద్ధంలో మరణించిన అమెరికా సైనికుల దేహాలను జపాన్‌లోని కొకురాలో ఉన్న సైనిక కేంద్రంలో పరీక్షించారు. గుర్తు దొరకనివాటికి కుళ్లకుండా ఫార్మాల్డిహైడ్‌తో కూడిన రసాయనం పట్టించి, హవాయిలోని పంచ్‌బౌల్ జాతీయ శ్మశానంలో పాతిపెట్టారు. అలాంటివి 800కు పైబడి ఉన్నాయి. దేహాలను కాపాడాలని చేసిన ఆ పని డీఎన్ఏకు శాపమైంది. ఫార్మాల్డిహైడ్ డీఎన్ఏను ప్రొటీన్లతో బిగించి, తునకలు చేస్తుంది. తర్వాతి కాలంలో తవ్వి తీసిన ఎముకలపై సాంగర్ పద్ధతి దాదాపు ఏ ఫలితమూ ఇవ్వలేకపోయింది.

డెలవేర్ రాష్ట్రం డోవర్‌లోని సైనిక డీఎన్ఏ ప్రయోగశాల ఈ గోడను మరో దారిలో దాటింది. ఎముక నుంచి తీసిన డీఎన్ఏలో అత్యధిక భాగం మట్టిలోని బాక్టీరియాదే. మనిషిది లేశమాత్రం, అదీ వంద క్షారాలకన్నా పొట్టి ముక్కలుగా ఉంటుంది. పీసీఆర్‌తో ఒక నిర్ణీత భాగాన్ని వెతకడం మానేసి, దొరికిన ముక్కలన్నింటికీ తోకలు అతికించారు. మానవ మైటోకాండ్రియా డీఎన్ఏకు అతుక్కునేలా తయారుచేసిన ఎరలను ఆ ద్రావణంలో వదిలి, ఎరలకు తగులుకున్న ముక్కలను అయస్కాంతపు పూసలతో బయటికి లాగారు. తర్వాత ఒక్కో క్షారాన్నీ అనేకసార్లు చదివి, పొట్టి ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి మొత్తం వరుస కట్టారు. పాతబడిన డీఎన్ఏలో ముక్కల చివర సీ అనే క్షారం టీగా మారిపోతుంటుంది. ఆ దెబ్బతిన్న గుర్తులను లెక్కలోకి తీసుకుని, నిజమైన తేడాను వయసు తెచ్చిన తేడా నుంచి విడదీయడం విశ్లేషకుడి నేర్పు.

2016 నుంచి ఆ ల్యాబు ఈ పద్ధతిని అసలు కేసుల్లో వాడుతోంది. అంతకుముందు మూగగా ఉన్న ఎముకల్లో పెద్ద భాగం ఫలితం ఇవ్వసాగింది. ఒక్క డీఎన్ఏతోనే అక్కడ పేరు ఖాయం చేయరు. క్షయ పరీక్ష కోసం సైన్యంలో చేరినప్పుడు తీసిన ఛాతీ ఎక్స్‌రేలోని కంటె ఎముక ఆకారాన్ని దొరికిన ఎముకతో పోలుస్తారు. పళ్ల రికార్డులు చూస్తారు. తల్లి వైపు చుట్టాల నుంచి ముందే సేకరించి పెట్టుకున్న నమూనాలతో సరిచూస్తారు. డెబ్బై ఏళ్ల తర్వాత ఒక ఇంటికి కబురు వెళ్లడం వెనుక ఇంత పని ఉంది.

న్యూయార్క్ నగర వైద్య పరీక్షాధికారి కార్యాలయం కూడా ఈ దారి పట్టింది. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో వరల్డ్ ట్రేడ్ సెంటరు దగ్గర 2,753 మంది చనిపోతే, దాదాపు నలభై శాతం మంది అవశేషాలకు ఇరవై ఏళ్లయినా పేరు దొరకలేదు. విమాన ఇంధనపు మంట, నీరు, బాక్టీరియా కలిసి డీఎన్ఏను అంతగా పాడుచేశాయి. 2021 సెప్టెంబరులో మరో ఇద్దరిని గుర్తించినట్టు ప్రకటిస్తూ, కొత్త తరం సీక్వెన్సింగ్‌ను చేపట్టామని, మరిన్ని గుర్తింపులు సాధ్యమవుతాయని ఆ కార్యాలయం చెప్పింది.

మిశ్రమ నమూనాలు

లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి కణాలు, నిందితుడి కణాలు కలిసే వస్తాయి. కత్తి పిడి మీద నలుగురివి ఉండవచ్చు. నకళ్లు తీసేటప్పుడు ఎంజైము ఒక తునకను జారవిడిస్తే, పొడవు కొలిచే గ్రాఫులో అసలు శిఖరం పక్కన ఒక చిన్న నకిలీ శిఖరం పుడుతుంది. దీన్ని స్టటర్ అంటారు. తక్కువ పాళ్లలో ఉన్న రెండో మనిషి గుర్తు సరిగ్గా అదే చోట పడితే పొడవు కొలిచే పద్ధతి రెండింటినీ విడదీయలేదు. వరుస చదివితే, లోపలి అమరికను బట్టి చాలాసార్లు విడదీయవచ్చు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన కెనెత్ కిడ్ ప్రచారంలోకి తెచ్చిన మైక్రోహాప్లోటైపులకు అసలు స్టటర్ సమస్యే లేదు. మూడు వందల క్షారాల లోపు దూరంలో పక్కపక్కనే ఉండే రెండు మూడు స్నిప్‌ల జట్లు అవి. మిశ్రమాలను విడదీయడానికి రాబోయే కాలంలో ఇవే ప్రధాన సాధనం కావచ్చు. అయినా ఎవరి భాగం ఎంత అన్న తూకం గణిత నమూనాలే వేయాలి. సీక్వెన్సింగ్ మిశ్రమాన్ని తేటపరుస్తుందే తప్ప ఊహను పూర్తిగా తొలగించదు.

రూపురేఖలు, చుట్టరికాలు

కొన్ని స్నిప్‌లను బట్టి కంటి రంగు, జుట్టు రంగు, చర్మపు ఛాయ అంచనా వేసే హైరిస్‌ప్లెక్స్-ఎస్ అనే పరీక్ష 41 గుర్తులను చదువుతుంది. రూపురేఖల అంచనాకు నెదర్లాండ్స్ 2003లోనే చట్టబద్ధంగా దారి తెరిచింది. జర్మనీ 2019 చివర్లో అనుమతించింది. నీలికళ్లను, గోధుమరంగు కళ్లను విడదీయడంలో ఈ పరీక్ష దిట్ట. దాదాపు అందరివీ నల్లని, ముదురు గోధుమ కళ్లే అయిన మన దేశంలో దర్యాప్తు అధికారికి దీనివల్ల ఒరిగేది బహు స్వల్పం. ఈ సదుపాయం చూపించి కిట్ అమ్మజూపితే కొనుగోలు కమిటీ ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

చుట్టరికపు శోధన ఇంతకన్నా బలమైనది, ఇంతకన్నా ప్రమాదకరమైనది కూడా. కాలిఫోర్నియాలో దశాబ్దాల నాటి వరుస హత్యల, అత్యాచారాల కేసులో 2018 ఏప్రిల్‌లో మాజీ పోలీసు జోసెఫ్ డీఏంజెలో పట్టుబడింది, దూరపు చుట్టాలు తమ వంశవృక్షం కోసం ఇష్టపూర్వకంగా దాచుకున్న డీఎన్ఏ వివరాల ద్వారా. స్వీడన్‌లోని లిన్‌షోపింగ్‌లో 2004 నాటి జంట హత్యల కేసు 2020లో ఇలాగే తేలింది. పన్నెండు లక్షల పైచిలుకు మంది ఉన్న భాండాగారంలో వెతికితే ఐరోపా సంతతి అమెరికన్లలో సుమారు 60 శాతానికి మూడో తరం వరస అన్నదమ్ములో అంతకన్నా దగ్గరివారో దొరుకుతారని 2018లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. తన డీఎన్ఏ ఏనాడూ ఇవ్వనివాడు కూడా ఈ వలలో ఉన్నాడన్నమాట. అమెరికా న్యాయశాఖ 2019లో హత్య, అత్యాచారం వంటి ఘోర నేరాలకే దీన్ని పరిమితం చేస్తూ తాత్కాలిక విధానం ప్రకటించింది. మేరీలాండ్ రాష్ట్రం 2021లో చట్టమే చేసింది. అదుపు లేని చోట ఏమవుతుందో చైనాలోని షిన్‌జియాంగ్ హెచ్చరిస్తోంది. అక్కడి వీగర్ ప్రజల డీఎన్ఏ సేకరణపై విమర్శలు చెలరేగాక, 2019లో థర్మో ఫిషర్ సంస్థ ఆ ప్రాంతానికి తన పరికరాల అమ్మకం ఆపుతున్నట్టు ప్రకటించాల్సి వచ్చింది.

కవలల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఒకే అండం నుంచి పుట్టిన కవలలను ఎస్‌టీఆర్ విడదీయలేదు. కవలలిద్దరినీ, వారిలో ఒకరి బిడ్డనూ మొత్తం జీనోము స్థాయిలో లోతుగా చదివి, ఆ తండ్రీబిడ్డల్లో ఉండి రెండో కవలలో లేని ఐదు తేడాలు పట్టుకున్నట్టు 2014లో జర్మన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు.

ల్యాబులో మారాల్సినవి

సీక్వెన్సింగ్ యంత్రం కొన్న ల్యాబు మరుసటి నెల నుంచే రిపోర్టులు ఇవ్వలేదు. ముందు వ్యాలిడేషన్ జరగాలి. ఎంత తక్కువ డీఎన్ఏ వరకు ఫలితం నమ్మవచ్చు, ఒక క్షారాన్ని కనీసం ఎన్నిసార్లు చదివితే లెక్కలోకి తీసుకోవాలి, ఒకే నమూనాను ఇద్దరు విశ్లేషకులు చేస్తే ఒకే ఫలితం వస్తుందా అన్నవి ఆ ల్యాబులోనే, ఆ చేతులతోనే తేల్చి రాసుకోవాలి. ఐఎస్ఓ 17025 గుర్తింపు అందుకే. ఎఫ్‌బీఐ నాణ్యతా ప్రమాణాల్లో 2020 సవరణతో ఈ పద్ధతికీ నిబంధనలు చేరాయి. లోతుగా చదివే యంత్రం లోతుగా కలిసిన మాలిన్యాన్నీ పట్టుకుంటుంది. పక్క నమూనా నుంచి తుంపరంత డీఎన్ఏ వచ్చి కలిసినా తెరమీద కనిపిస్తుంది. నకళ్లు తీయకముందు చేసే పని, తీశాక చేసే పని వేర్వేరు గదుల్లో జరగాలి. డీఎన్ఏ వేయని ఖాళీ నమూనాను ప్రతి దఫాలోనూ పక్కన నడపాలి.

పేర్ల చిక్కు మరొకటి. భాండాగారాల్లో లక్షలాది ప్రొఫైళ్లు పొడవు అంకెలుగా ఉన్నాయి. కొత్త ఫలితం వాటితో పోల్చేలా ఉండాలి, కొత్త సమాచారమూ పోకూడదు. అంతర్జాతీయ ఫోరెన్సిక్ జన్యుశాస్త్ర సంఘం దీనిపై 2016లో సూచనలు ఇచ్చింది. మైసెక్ ఎఫ్‌జీఎక్స్ ఫలితాలకు 2019లో అమెరికా జాతీయ భాండాగారం ఆమోదం తెలిపినప్పుడు చేర్చుకున్నది పొడవు అంకెలనే. వరుసలోని అదనపు సమాచారం కేసు ఫైలులోనే ఉండిపోయింది.

ఒక్క దఫాలో వచ్చే డేటా గిగాబైట్లలో ఉంటుంది. దాన్ని ఎన్నేళ్లు దాచాలి, డిఫెన్సు వారు అడిగితే ముడి డేటా ఇవ్వాలా అన్న ప్రశ్నలకు ల్యాబు ముందే జవాబు రాసి పెట్టుకోవాలి. ఇవ్వాలన్నదే సరైన జవాబు. తన మీద వచ్చిన సాక్ష్యాన్ని వేరే నిపుణుడితో చూపించుకునే హక్కు నిందితుడికి లేకపోతే అది శాస్త్రమనిపించుకోదు.

తెలుగు నేల మీద ప్రశ్నలు

మన దేశంలో హైదరాబాదు ఈ శాస్త్రానికి పుట్టిల్లు లాంటిదైనా, ఇక్కడ సీక్వెన్సింగ్ నైపుణ్యం చాలావరకు పరిశోధన సంస్థల్లో పెరిగింది. పాత గోవాలోని చర్చి శిథిలాల్లో దొరికిన ఎముక జార్జియా రాణి కెతెవాన్‌దేనన్న వాదనకు సీసీఎంబీ మైటోకాండ్రియా ఆధారం చూపించింది. పంజాబ్‌లోని అజ్నాలా బావిలో దొరికిన 1857 నాటి సిపాయిల అస్థిపంజరాలను పరీక్షించి, వారు గంగా మైదానపు వాళ్లని 2022లో తేల్చిన బృందంలోనూ సీసీఎంబీ ఉంది. ఈ చేయితిరిగిన పనితనం పోలీసు కేసులు చూసే ఫోరెన్సిక్ ల్యాబులకు చేరాలి. అవసరం లేదనలేం. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలినప్పుడు దేహాలను డీఎన్ఏ పరీక్షలతో పోల్చి అప్పగించాల్సి వచ్చింది. కొందరి ఆనవాలు దొరకనేలేదు. ఒడిశా, బీహారు, జార్ఖండ్ నుంచి కూలికి వచ్చినవారి బంధువులు అలాంటి చోట ఎదురుచూస్తూ కూర్చుంటారు.

మనకే ప్రత్యేకమైన సంగతి మేనరికం. మేనబావ, మేనమామ సంబంధాలు తరాలుగా సాగిన కుటుంబాల్లో చుట్టాల మధ్య పంచుకునే డీఎన్ఏ, పాఠ్యపుస్తకం ఊహించినదానికన్నా ఎక్కువ ఉంటుంది. కులం లోపలి పెళ్లిళ్లు వందల ఏళ్లుగా నడవడం దానికి తోడు. ‘ఈ పోలిక యాదృచ్ఛికంగా కుదిరే అవకాశం కోట్లలో ఒకటి’ అని రిపోర్టులో రాసే అంకె, ఏ జనాభా లెక్కల మీద కట్టారన్నదాన్ని బట్టి మారుతుంది. ఇలాంటి సమూహాల కోసం అమెరికా జాతీయ పరిశోధన మండలి 1996లోనే సవరణ గుణకం సూచించింది. మామూలు జనాభాకు 0.01, చిన్న, ఒంటరి సమూహాలకు 0.03 వాడమంది. మన సమూహాలకు ఎంత వాడాలో మన నమూనాలతోనే తేల్చాలి. నిందితుడు ‘నేను కాదు, మా బాబాయి కొడుకు’ అన్నప్పుడు ఇరవై ఎస్‌టీఆర్‌లు తడబడే చోట వందల స్నిప్‌లు గట్టిగా మాట్లాడతాయి. నా దృష్టిలో తెలుగు రాష్ట్రాలకు సీక్వెన్సింగ్ వల్ల కలిగే అతిపెద్ద ప్రయోజనం ఇదే. పదివేల మంది జీనోములు చదివిన జీనోమ్ ఇండియా పథకం దీనికి మంచి పునాది. ఫోరెన్సిక్ అవసరానికి తగ్గ ఎస్‌టీఆర్ వరుసల లెక్కలు మాత్రం విడిగా కట్టాలి.

చట్టం వైపు చూస్తే, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లడాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. దీంతో ల్యాబులకు చేరే నమూనాలు పెరుగుతాయి. నమూనా చేరే తీరు బాగుపడకపోతే ఏ యంత్రమూ ఆదుకోదు. ఢిల్లీ ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో 2022 నవంబరులో సుప్రీంకోర్టు నిందితులను విడుదల చేసినప్పుడు, నమూనాలు రోజుల తరబడి పోలీసు మాల్ఖానాలో పడి ఉండడాన్ని ఎత్తిచూపింది. డీఎన్ఏ రిపోర్టుకు ఆధారమేమిటో కింది కోర్టులు పరిశీలించలేదని కూడా అంది. 2025 జూలైలో మరో తీర్పులో, నమూనాను 48 గంటల్లోగా ల్యాబుకు చేర్చాలని, అది చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టరులో నమోదు కావాలని ఆదేశించింది.

డీఎన్ఏ సాంకేతికతను నియంత్రించేందుకు 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లును ప్రభుత్వం 2023 జూలైలో వెనక్కి తీసుకుంది. ఎవరి డీఎన్ఏ ఎన్నేళ్లు దాచాలి, నిర్దోషిగా తేలినవాడిది ఎప్పుడు చెరపాలి, స్నిప్‌లలో ఆరోగ్య సమాచారం కనిపిస్తే ఏం చేయాలి అన్నవాటికి దేశంలో డీఎన్ఏకే ప్రత్యేకమైన చట్టం లేదు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు సీక్వెన్సింగ్ యంత్రానికి డబ్బు మంజూరు చేసే ఉత్తర్వులోనే మూడు పద్దులు కలపాలి. వ్యాలిడేషన్‌కు తగిన కాలం, స్థానిక సమూహాల వరుసల లెక్కల సేకరణ, ముడి డేటాను నిందితుడి తరఫు నిపుణుడికి ఇచ్చే నిబంధన. వీటికి కేటాయింపు లేకుండా యంత్రం మాత్రమే కొనే ప్రతిపాదనను ఆర్థిక శాఖ తిప్పి పంపాలి.